పదకొండో వరస

అత్తగారు కోడలిని 'మీరు' అనడం మొదలుపెట్టి ఆ గురువారానికి నాలుగు రోజులైంది.

తిట్టినా బాగుండేది. తిట్టులో కనీసం చుట్టరికం ఉంటుంది. "మీరు టీ తాగారా?" "ఈ గ్లాసు మీదేనా, కడిగేయనా?" "తలుపు దగ్గరగా వేసుకోండి, గాలొస్తోంది." నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ ఎరగని మర్యాద. అది గొంతు దిగక కోడలు ఆదివారం నుంచీ సగం కడుపుతోనే బల్ల దగ్గర నుంచి లేస్తోంది.

ఆ బల్ల మీద లేసు గుడ్డ లేదు. అసలు గొడవంతా అదే. ఎనిమిదేళ్లుగా బల్లను కప్పి ఉంచిన నలభై అయిదు వరసల గుడ్డ ఇప్పుడు అరచేతిలో ఇమిడే బిళ్లంత మిగిలింది. తక్కినదంతా దారపు ఉండై స్టీలు డబ్బాలో కూర్చుంది. విప్పింది కోడలే. కోపంతో కాదు, మంచి చేద్దామని. సంసారాల్లో పెద్ద పెద్ద నష్టాలన్నీ ఆ ఉద్దేశంతోనే జరుగుతాయి.

"ఇంకా ఎన్నాళ్లండీ ఇలా?" అంది కోడలు, భర్త ముందు టీ కప్పు పెడుతూ. ఉత్త చెక్క మీద కప్పు టక్కుమంది. ఇద్దరూ అత్తగారి గది వైపు చూశారు.

భర్త పేపరు దించలేదు. "అమ్మ సంగతి తెలుసుగా. అదే తగ్గుతుంది."

"తగ్గడానికి జ్వరమా? నన్ను 'మీరు' అంటున్నారావిడ."

"మంచిదేగా. నాకు పుట్టి బుద్ధెరిగాక ఆ గౌరవం దక్కలేదు."

"నాకు నవ్వు రావట్లేదు."

"నేనూ నవ్వించడానికి అనలేదు."

ఊరందరి చూపూ సరిచేసే కళ్లజోళ్ల దుకాణం ఆయనది. పదడుగుల దూరంలో చిన్న అక్షరం కనిపిస్తోందా లేదా అని రోజుకు యాభైమందిని అడుగుతాడు. ఇంట్లో కనిపించినవి మాత్రం తనకు కనిపించాయని ఎప్పుడూ ఒప్పుకోడు.

"మూడు సాయంత్రాలు మీ ఎదురుగా కూర్చుని విప్పాను," అంది కోడలు గొంతు తగ్గించి. "ఇదే కుర్చీ, ఇదే పేపరు. అత్తయ్య చెల్లెలుగారింటి నుంచి వచ్చేలోగా ఆ మధ్యలో బుడిపె సరిచేసి చూపిస్తాను, మిగతాది ఇద్దరం కలిసి అల్లుకుంటాం అని మీతో చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావేమో."

"ఏమో ఏంటండీ, ఏమో! నడిమి వరసలు మీ చెల్లెలు అల్లింది, ముట్టుకోకే అని ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

పేపరు ఒక పేజీ తిరిగింది. క్రితం రోజు పేపరు అది.

ఆ ఇంట్లో ఆడపడుచు అంటే హాలు గోడ మీద ఒక ఫొటో. ఇరవై ఏళ్ల పిల్ల, జడ ముందుకు వేసుకుని ఉంటుంది. తను కాపురానికి రాకముందే జబ్బుతో పోయిందని తప్ప కోడలికి ఏమీ తెలియదు. ఆ పిల్ల పేరెత్తడం ఇంట్లో ఎవరూ నిషేధించలేదు. ఎవరూ ఎత్తరు, అంతే. గుడ్డ ఎవరు అల్లారని ఎవరడిగినా అత్తగారు "నేనే" అనేవారు.

నిజానికి ఆ గుడ్డకు నడుమ ఒక లోపం ఉంది. పదకొండో వరసలో పువ్వుకు పన్నెండు రేకులు రావాలి. పదకొండే ఉన్నాయి. చుట్టుకొలత తగ్గి మధ్యభాగం బోర్లించిన గిన్నెలా లేచి ఉండేది. అక్కడ నీళ్ల గ్లాసు ఏనాడూ తిన్నగా నిలబడలేదు. లేసు నేర్చుకున్న రెండేళ్లలో కోడలికి ఆ బుడిపె కంట్లో నలుసైంది. నడుమ నుంచి బయటికి అల్లుకుంటూ పోయే గుడ్డ కాబట్టి లోపలి తప్పు దిద్దాలంటే అంచు నుంచి అంతా విప్పుకుంటూ రావాల్సిందే. ఉతికి ఉతికి దారం ఒకదానికొకటి పట్టుకుపోయింది. ముప్ఫై అయిదు వరసలూ బతిమాలి బతిమాలి విప్పింది.

ఆదివారం అత్తగారు వచ్చారు. సంచి కింద పెట్టకుండానే బల్లను చూశారు.

"ఎక్కడిదాకా విప్పావు?"

"పదో వరస దాకా అత్తయ్యా. పదకొండులో తప్పుంది."

"తెలుసు," అన్నారు అత్తగారు. "పద్నాలుగు దాకా మా అమ్మాయి అల్లింది. పదకొండు నుంచి ఆసుపత్రి మంచం మీద."

ఆవిడ నోటి నుంచి కోడలు విన్న ఆఖరి 'నువ్వు' ఆ 'విప్పావు'లోదే. సంచి తీసుకుని గదిలోకి వెళ్లి, మళ్లీ తలుపు తీసుకుని వచ్చి అడిగారు: "మీరు భోజనం చేశారా?"

*

గురువారం మధ్యాహ్నం లేసు గుంపు కూర్చునేది ఇస్త్రీ షాపు పైగదిలో. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరికి పైన నేల వెచ్చగా ఉంటుంది. చలికాలం అదృష్టం, వేసవిలో శిక్ష. షాపు యజమానురాలు కూడా గుంపులోదే. ఆవిడ ముద్దుపేరు రేడియో. ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు.

"అయ్యో వదినా! వీధంతా అదే మాట. మీ అత్తగారు మీతో మీరూ మీరూ అంటున్నారంటగా? మా అత్తయితే నన్ను 'ఒసే' తప్ప..."

"స్టేషను కట్టెయ్," అన్నారు లెక్కల టీచరు. రిటైరై ఆరేళ్లయినా ఆవిడ గొంతులో గంట మోగుతూనే ఉంటుంది. కోడలి వైపు తిరిగారు. "గుంపు పెట్టిన రోజు ఒక్కటే అనుకున్నాం. ఒకళ్ల పనిలో ఇంకొకళ్లు సూది పెట్టకూడదని. అనుకున్నామా?"

"అనుకున్నాం టీచరు గారూ."

"తప్పు కనిపిస్తే?"

"చెప్పాలి. ముట్టుకోకూడదు."

"మరి?"

కోడలు సంచిలోంచి పది వరసల బిళ్లా, దారపు ఉండా తీసి చాప మీద పెట్టింది. ఉండలోంచి వేలాడుతున్న కొస ఉంగరాలు తిరిగి ఉంది. ఎనిమిదేళ్లు ఏ మెలికలో ఉందో ఆ మెలికలోనే ఉంటానంటోంది దారం.

"ఆసుపత్రిలో మా ఆడపడుచు అల్లిన ఆ నాలుగు వరసలూ ఉన్నవి ఉన్నట్టు మళ్లీ అల్లాలి. తప్పుతో సహా. నేర్పండి," అంది.

అందరూ బిళ్ల మీదికి వంగి చూశారు. రేడియో కూడా.

"నలభై ఏళ్లు పిల్లలకి లెక్క తప్పొద్దని చెప్పి గొంతు పోగొట్టుకున్నాను," అన్నారు టీచరు. "ఈ వయసులో తప్పు నేర్పమంటున్నావు. సరే కానీ. ముందు వేరే దారం మీద."

మొదటిసారి చెయ్యి దానంతటదే పన్నెండు రేకులు అల్లేసింది. అలవాటు పాడుగాను! విప్పింది. రెండోసారి పదకొండే వచ్చాయి, కానీ ఒక్కో రేకు అచ్చు గుద్దినట్టు సమంగా వచ్చింది. టీచరు తన ఫోనులో ఉన్న ఆ గుడ్డ పాత ఫొటో పెద్దది చేసి పక్కన పెట్టారు. అందులో రేకులు ఒకటి బిగువు, రెండు వదులు, మళ్లీ ఒకటి మరీ వదులు.

"నీ అల్లిక మరీ బుద్ధిగా ఉందమ్మాయ్," అన్నారు టీచరు. "ఆ పిల్లది అలా లేదు."

అప్పటిదాకా గోడకు ఆనుకుని తన రుమాలు అంచు అల్లుకుంటున్న కాంపౌండరు గారు కళ్లజోడు తీశారు. గుంపులో మగవాడు ఆయనొక్కడే. పెద్దాసుపత్రిలో పనిచేసి దిగిపోయిన మనిషి. అత్తగారికి మొట్టమొదట సూది పట్టుకోవడం నేర్పింది ఆయనే అని అందరికీ తెలుసు. ఆయనకు ఎవరు నేర్పారో ఎవరూ అడగలేదు.

"దాని ఎడం చెయ్యి కట్టేసి ఉండేదమ్మా," అన్నారు.

"ఎవరిదండీ?"

"మీ ఆడపడుచుది. నరంలో సూది ఉండేది కదా, కదిలిస్తే ఊడిపోతోందని మణికట్టు కింద చెక్క పెట్టి కట్టు కట్టాం. నేనే కట్టాను. కుడిచేత్తో కొక్కెం సూది పట్టుకునేది. పగలు నేను వెళ్తే నాకు గొలుసు అల్లిక నేర్పేది. నేను దానికి సూదులు పొడిచాను, అది నా చేతికి సూది ఇచ్చింది. లెక్క చెల్లు అనేది." ఆయన రుమాలుతోనే కళ్లజోడు తుడుచుకున్నారు. "తన పని మాత్రం సాయంత్రాలే చేసేది. ఆరింటికి నా డ్యూటీ అయిపోయేది, నేను చూడలేదు. ఒంటిచేత్తో దారం ఎలా వదిలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు."

రేడియో గబగబా కిందికి వెళ్లి ఒక చెక్క స్కేలూ, పాత దుప్పటి అంచు చింపిన పట్టీ పట్టుకొచ్చింది. ఈసారి ఏమీ మాట్లాడకుండానే.

కోడలి ఎడమచేతికి కట్టు కట్టారు కాంపౌండరు గారు. ఆయన వేళ్లు పాత పని మర్చిపోలేదు. వేళ్ల చివర్లు మాత్రం బయటికి ఉన్నాయి. దారం వాటి సందున దూర్చి అల్లడం మొదలుపెట్టింది. దారం పట్టు దొరికితే బిగుసుకుంటోంది, జారితే వదులైపోతోంది. ఒక్క రేకుకి పావుగంట పట్టింది. భుజం లాగేసింది.

"వస్తోంది," అన్నారు టీచరు. "ఆ అమ్మాయిదిలాగే వస్తోంది. ఇక అసలు దాని మీద మొదలెట్టు."

పది వరసల బిళ్ల కొసనున్న దారపు కన్నులోకి కొక్కెం దూర్చి, ఆ ఉంగరాల దారంతోనే, పదకొండో వరస అల్లింది కోడలు. టీచరు పైకే లెక్కపెట్టారు. పదకొండు కాగానే "ఆపు!" అని అరిచారు. కింద షాపులో ఎవరో బట్టలు తగలబడ్డాయనుకున్నారు.

దారం ముడి వెయ్యలేదు. ఆఖరి కన్నులో కొక్కెం అలాగే ఉంచి, చేటలో పిల్లను పడుకోబెట్టినట్టు సంచిలో పడుకోబెట్టింది. ఇంకా మూడు వరసలు ఉన్నాయి. ముందు ఈ ఒక్కటీ ఆవిడ చూసి ఊ అంటే చాలు.

మెట్లు దిగుతుంటే కట్టు విప్పడం మర్చిపోయానని గుర్తొచ్చింది. విప్పలేదు.

*

గురువారం దుకాణం ఒంటిపూటే. భర్త ఇంట్లోనే ఉన్నాడు. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని గిన్నెలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, ఇది ఒక్కసారి చూడండి."

అత్తగారు చేతులు తుడుచుకున్నారు. ముందు కోడలి ఎడమచేతి కట్టునూ స్కేలునూ చూశారు. వాటి మీద చూపు చాలాసేపు ఆగింది. బిళ్లను తీసుకుని వెలుతురు వైపు తిప్పుకున్నారు. దారపు ఉండ బల్ల మీద దొర్లి భర్త ముందు ఆగింది.

బిళ్ల బల్ల మీద పెడితే అంచు కాస్త లేచింది. గిన్నె కావడానికి ఇంకా చాలా ఉంది కానీ ఆ పోకడ వచ్చింది.

"ఎన్ని?" అన్నారు అత్తగారు.

"పదకొండు."

"చాలా కష్టపడ్డారు."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. మెచ్చుకోలనుకుంది పిచ్చిది.

అత్తగారు వేలితో ఒక్కో రేకూ తడుముతూ వెళ్లారు. నాలుగో రేకు దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లారు. పొద్దున పోగొట్టుకున్న తాళంచెవిని అదే జేబులో పదిసార్లు వెతికినట్టు.

"మా అమ్మాయి నాలుగో రేకు దగ్గర నిద్రపోయింది," అన్నారు. "పొద్దున్నే నేను వెళ్లేసరికి సూది ఎక్కడుంటే రాత్రి అక్కడ నిద్రపోయినట్టు. అక్కడ కన్ను ఇంత పెద్దదిగా ఉండేది, నా చిటికెన వేలు పట్టేది. మళ్లీ తొమ్మిదో రేకు దగ్గర. మీరు బాగా అల్లారు. మీ దాంట్లో ఎవరూ నిద్రపోలేదు."

కొక్కెం ఊడదీసి బల్ల మీద పెట్టారు. చిక్కుడుకాయల గిన్నె మళ్లీ ముందుకు లాక్కున్నారు. అయిపోయింది.

"పెద్ద కన్ను కావాలంటే అక్కడ పెద్దది చేస్తాను అత్తయ్యా. ఎన్నిసార్లయినా..."

"వద్దండీ. మీకెందుకు శ్రమ."

"అది నిద్రపోలేదమ్మా."

మాట్లాడింది భర్త. ఇద్దరూ అటు తిరిగారు. ఆయన ముందు ఇప్పుడు పేపరు లేదు.

"నేను నిద్రపోయాను," అన్నాడు. "దాని చెయ్యి కట్టేశారు కదా. దారం నేను వదిలేవాణ్ణి, నా వేలి మీదుగా. దుకాణం కట్టేసి వచ్చేవాణ్ణి, కూర్చున్నచోటే కునుకు పట్టేది. దారం ఆగిపోయేది. లేపేది కాదు. సూది అలాగే పట్టుకుని పడుకునేది."

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"నాకు చెప్పలేదే."

"ఏం చెప్పను? ఇక్కడ నిద్రపోయింది, ఇక్కడ నొప్పెట్టింది అని నువ్వు వేలు పెట్టి చూసుకుంటుంటే, అవి నావమ్మా అని చెప్పనా?"

"ఏవండీ, చాల్లెండి," అంది కోడలు.

"చాలదు." ఆయన గొంతు పెరగలేదు, మరీ మామూలుగా ఉంది, కళ్లద్దాల నంబరు చెబుతున్నట్టు. "పన్నెండు అయ్యాయా అన్నయ్యా అని అడిగింది. మందుల మగతలో దానికి కళ్లు ఆనడం లేదు, నన్ను చూడమంది. డాక్టరు రిపోర్టు అప్పుడే నా చేతికి వచ్చింది. అందులో ఏముందో అదే చదువుతున్నా. అయ్యాయి అన్నాను. అది వరస మూసేసింది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా ముగ్గురూ విన్నారు.

"అయితే దాని లెక్క తప్పలేదు," అన్నారు అత్తగారు చివరికి.

"లేదు."

"జబ్బు తలకెక్కింది, బిడ్డ పదకొండుకీ పన్నెండుకీ తేడా తెలీకుండా పోయిందని... ఎనిమిదేళ్లురా."

ఆయన చూపు తన ముందున్న దారపు ఉండ మీదే ఉంది.

కోడలికి అప్పుడు తట్టింది. తట్టాక అడగకుండా ఉండలేకపోయింది. "నేను విప్పుతున్నప్పుడు మీరు చూస్తూనే ఉన్నారు."

"చూస్తూనే ఉన్నాను."

"ఆ వరస దాకా రావాలని."

"రావాలనే." మొదటిసారి భార్య ముఖంలోకి చూశాడు. "రోజూ ఆ బుడిపె పక్కన కంచం పెట్టుకుని తిన్నాను. నువ్వు విప్పేస్తే ఇక ఉండదనుకున్నా. నిన్ను ఇలా 'మీరు' అంటుందని అనుకోలేదు."

అత్తగారు లేచారు. బల్ల మీది దారపు ఉండ తీసి కొడుకు అరచేతిలో పెట్టి, ఆ వేళ్లు తానే మూశారు. చిన్నప్పుడు చిల్లర ఇచ్చి పారేసుకోకురా అన్నట్టు.

"కూర్చో," అన్నారు. "ఆవిడ అల్లుతుంది. నువ్వు వదులు. అప్పట్లో ఎలా వదిలావో అలాగే."

"అమ్మా."

"నిద్రొస్తే పడుకో. ఎవరూ లేపరు."

"నా వల్ల కాదమ్మా."

"కూర్చోరా."

ఆయన కూర్చోలేదు. ఒకసారి గోడ మీది ఫొటో వైపు చూశాడు, ఒకసారి భార్య చేతికి కట్టిన స్కేలు వైపు. అక్కడి నుంచి చూపు పీక్కుని గుమ్మం వైపు నడిచాడు. చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా తెలీదు. మెట్లు దిగుతున్నాడు.

ఉండ ఆయన గుప్పిట్లోనే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

బల్ల మీది దారం ముందు మెల్లగా కదిలింది. తర్వాత బిగిసింది. కొక్కెం లేని ఆఖరి కన్ను టపుక్కున జారింది. పదకొండో రేకు విడిపోయింది. పదోది మొదలైంది. మధ్యాహ్నమంతా భుజం పడిపోయేలా అల్లిన వరస చిన్న చిన్న చప్పుళ్లతో, వాన వెలిశాక చూరు కారినట్టు, ఊడిపోతోంది. ఎనిమిది. ఏడు. బిళ్ల గిరగిరా తిరుగుతూ బల్ల అంచుకు జరుగుతోంది.

ఇంకో అరనిమిషంలో ఈ వరస అయిపోతుంది. ఆ తర్వాతది పదో వరస. అది మాత్రం ఆ పిల్ల చేతిదే, ఇంట్లో కూర్చుని, రెండు చేతులతో, ఎవరి సాయమూ లేకుండా అల్లింది.

కోడలు కుడిచెయ్యి చాచింది.

"పట్టుకోకండి," అన్నారు అత్తగారు గుమ్మం వైపే చూస్తూ.